ప్రార్థన జరుగుతుంటే వచ్చి అడిగారు, భయంతో అబద్ధం చెప్పాను. నేను ప్రభువును ఎరుగనన్నట్టేనా?

తమ్ముడూ, నీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్పుకుంటాను, తప్పుంటే దిద్దు. ఉప్పల్ దగ్గర ముగ్గురు కుర్రాళ్లు కలిసి ఉండే అద్దె పోర్షన్. శుక్రవారం రాత్రి ఏడెనిమిది మంది కూర్చుని పాటలు పాడుకుని బైబిలు చదువుకుంటారు. పోయిన నెల పదిమంది దాకా వచ్చి తలుపు కొట్టారు. ఫోన్లలో వీడియో తీస్తూ ‘ఇక్కడ ఏం జరుగుతోంది, మతం మారుస్తున్నారా’ అని అడిగారు. తలుపు తీసింది నువ్వే. నీ నోట్లోంచి వచ్చిన మాట ‘బర్త్‌డే ఫంక్షన్ అన్నా’. వాళ్లు లోపలికి తొంగిచూసి, ఒళ్లో బైబిళ్లు చూసి, నవ్వి, తిట్టి, మళ్లీ కనబడితే బాగుండదని బెదిరించి వెళ్లిపోయారు. ఓనర్ ఖాళీ చేయమంటున్నాడు. నీకేమో మత్తయి 10:33, మనుషుల ఎదుట నన్ను ఎరుగనన్నవాణ్ని తండ్రి ఎదుట నేనూ ఎరుగనంటాను అని యేసు అన్న మాట, తలలో తిరుగుతోంది, నిద్ర పట్టడం లేదు. నేను ప్రభువును ఎరుగనన్నట్టేనా, మీటింగు ఆపేయాలా, ఈసారి వస్తే ఏం చెప్పాలి అని అడిగావు.

నాకు అరవై దాటాయి. సికింద్రాబాద్ అవతల ఒక చిన్న సంఘానికి ముప్ఫై ఏళ్లుగా కాపరిని. అందుకే ‘నువ్వు’ అనే చనువు తీసుకుంటున్నాను.

సూటిగా చెప్తాను: నువ్వు అబద్ధమాడావు. ప్రభువును వదిలేయలేదు. రెండూ ఒకటి కాదు. కానీ మొదటిదాన్ని అలాగే వదిలేస్తే రెండోదానికి దారి పడుతుంది. మీటింగు ఆపొద్దు. కావాలంటే చోటు మార్చండి, రోజు మార్చండి, గొంతు తగ్గించండి, తలుపు వేసుకోండి. వీటిలో ఏదీ పాపం కాదు. హింస వచ్చినప్పుడు విశ్వాసి దాక్కోవచ్చు, ఊరు వదిలి పోవచ్చు, నోరు మూసుకోవచ్చు, పోలీసుల దగ్గరకూ పోవచ్చు. చేయకూడనివి రెండే. అబద్ధమాడకూడదు, తిట్టకూడదు. ఈ రెండోది నువ్వు చేయలేదులే, అది నా కథ. తర్వాత చెప్తాను.

నువ్వు 33వ వచనం దగ్గర ఆగిపోయావు. అదే అధ్యాయం పైనుంచి చదువు. 16వ వచనంలో ‘పాములవలె వివేకులును పావురములవలె నిష్కపటులునై యుండుడి’ అన్నాడు. 23లో ఈ ఊళ్లో హింసిస్తే ఇంకో ఊరికి పారిపొమ్మన్నాడు. పారిపొమ్మన్నవాడూ, ఎరుగననొద్దన్నవాడూ ఒకడే, ఒకే రోజు ఒకే బోధలో. కాబట్టి పారిపోవడం ఎరుగననడం కాదు. పౌలును దమస్కులో గంపలో పెట్టి గోడ మీదుగా దించారు. ఆ మాట ఆయనే కొరింథీయులకు రాసుకున్నాడు, దాచలేదు. కానీ గంపలో దిగినవాడు కింద ఎవరైనా ఆపి ‘నువ్వు పౌలువేనా’ అంటే ‘కాదు, కూరగాయలు అమ్ముకునేవాణ్ని’ అని చెప్పేవాడని నేననుకోను.

మరి రాహాబు వేగులవాళ్లను దాచి అబద్ధం చెప్పలేదా అని ఎవరో ఒకరు అడుగుతారు. ఆమె చెప్పింది ఇద్దరి ప్రాణాలు కాపాడడానికి. నా తలుపు వెనక ఎవరి ప్రాణమైనా ఉంటే నేనేం చెప్తానో ఇప్పుడే ఒట్టు వేయలేను. ఆ రాత్రి మీ గదిలో ఎవరి ప్రాణం మీదకూ రాలేదు. నువ్వు కాపాడుకున్నది పరువును, ఆ పోర్షన్‌ను. అవీ చిన్నవి కావులే.

పేతురు సంగతి నీకు కొత్తగా చెప్పక్కర్లేదు గానీ ఒక్కటి చూడు. గెత్సేమనే తోటలో యేసును పట్టుకోవడానికి ఆయుధాలతో వచ్చినవాళ్ల ఎదుట కత్తి దూసినవాడు ఆయనే. అదే రాత్రి ఒక పనిపిల్ల ‘నువ్వూ ఆయనతో ఉన్నావు కదా’ అనేసరికి తడబడ్డాడు. రెండోసారి అడిగితే ఒట్టు పెట్టుకుని మరీ ఎరుగనన్నాడు. తెలుగు బైబిల్లో 10:33లో ఉన్న మాటా, కోడి కూసినప్పుడు పేతురుకు గుర్తొచ్చిన మాటా ఒకటే, ‘ఎరుగను’. నువ్వు భయపడుతున్న వచనం మొదట తగలాల్సింది ఆయనకే. అది అక్కడితో తీర్పుగా ముగిసిపోయి ఉంటే పెంతెకొస్తునాడు లేచి మాట్లాడినవాడు ఎవరు?

ఆ తర్వాతి సంఘం కూడా ఈ లెక్క వేసుకోవాల్సి వచ్చింది. క్రీస్తు శకం 250లో రోమా చక్రవర్తి డెకియస్ ఒక ఆజ్ఞ తెచ్చాడు. జనం దేవతలకు బలి అర్పించాలి, అర్పించినట్టు అధికారుల దగ్గర సర్టిఫికెట్ తీసుకోవాలి. ఆ సర్టిఫికెట్లు కొన్ని ఈజిప్టు ఇసుకలో పపైరస్ ముక్కలుగా దొరికాయి కూడా. కార్తేజీ పట్నంలో చాలామంది విశ్వాసులు భయపడి బలి అర్పించారు. ఇంకొందరు తెలివిగా, బలి అర్పించకుండానే డబ్బిచ్చి కాగితం మాత్రం కొనుక్కున్నారు. చేతులకు ధూపం అంటలేదు కదా, కాగితమే కదా అనుకున్నారు. అక్కడి బిషప్పు సిప్రియన్ ఆ రోజుల్లో ఊరు వదిలి దాక్కున్నాడు, దాక్కున్న చోటి నుంచే సంఘానికి ఉత్తరాలు రాశాడు. కాపరి పారిపోయాడని వెక్కిరించినవాళ్లూ ఉన్నారు. తిరిగొచ్చాక ఆయన బలి అర్పించినవాళ్లనూ కాగితం కొన్నవాళ్లనూ ఒకే గాటన కట్టలేదు. కాగితం కొన్నవాళ్ల తప్పు తక్కువన్నాడు, కానీ తప్పు కాదనలేదు. పశ్చాత్తాపం లేకుండా ఎవరినీ ప్రభురాత్రి భోజనపు బల్ల దగ్గరకు రానివ్వలేదు, పశ్చాత్తాపపడ్డవాళ్లను శాశ్వతంగా బయట నిలబెట్టనూ లేదు. ఎనిమిదేళ్లకు, 258లో, మళ్లీ హింస వచ్చినప్పుడు ఆ దాక్కున్న మనిషే పారిపోకుండా నిలబడి తల ఇచ్చాడు.

నీ ‘బర్త్‌డే ఫంక్షన్’ ఆ కొనుక్కున్న కాగితం జాతి. అలాంటిది నా దగ్గరా ఒకటుంది.

సేవకు వచ్చిన కొత్తలో ఒక పల్లె బస్టాండులో సంచి నిండా కరపత్రాలతో దిగాను. నలుగురు చుట్టూ చేరి సంచిలో ఏముందన్నారు. ‘ఇన్సూరెన్స్ కాగితాలు’ అన్నాను. అంతటితో వదిలేస్తారనుకున్నా. వాళ్లలో ఒకడు ‘అట్లనా, మా నాయనకు పాలసీ చేయించాలె, కూర్చో అన్నా’ అని హోటల్లోకి తీసుకుపోయి టీ చెప్పాడు. అరగంట సేపు నాకు తెలియని ప్రీమియం లెక్కలు చెప్పాను. చెమటకు చొక్కా వీపుకు అతుక్కుపోయింది. మరుసటి ఏడు అదే ఊరి నుంచి ఒకాయన కబురు పంపాడు, మా ఇంటికి వచ్చి ప్రార్థన చేయండయ్యా అని. పోవడానికి నాకు ముఖం చెల్లలేదు. కొడతారన్న భయం కంటే, ఆ టీ ఇప్పించినవాడు ఎదురుపడి ‘ఏమన్నా, పాలసీ ఏమైంది’ అంటాడన్న భయమే ఎక్కువ. చివరికి పోయాను. ఎదురుపడ్డాడు. అడగనే అడిగాడు. ‘భయపడి అబద్ధం చెప్పాను తమ్ముడూ’ అన్నాను. ‘చెప్పకుంటే కొట్టేవాళ్లమేలే’ అన్నాడు నవ్వుతూ. ఆ తర్వాత ఆ ఊరికి పదేళ్లు పోయొచ్చాను.

సాక్ష్యం అంటే మనవాళ్లు మైకు ముందు చెప్పేదే అనుకుంటారు. కోర్టులో సాక్షిని ఏమడుగుతారు? చూసింది చూసినట్టు చెప్పమంటారు. ఎంత గట్టిగా అరిచాడని ఎవరూ చూడరు. చిన్న విషయంలో మాట మార్చాడని తేలితే వాడి పెద్ద మాటనూ జడ్జి పక్కన పెడతాడు. నీ గదిలో ఏం జరుగుతోందన్న విషయంలో అబద్ధం చెప్పినవాడివి, యేసు తిరిగి లేచిన ఖాళీ సమాధి విషయంలో నిజమే చెప్తున్నావని ఆ పదిమంది ఎందుకు నమ్మాలి?

ఇక తిట్టే కథ. అందరూ నన్ను మెచ్చుకున్న కథ కూడా ఇదే, చెప్పడానికి ఇప్పటికీ సిగ్గే. ఒక బస్తీలో పండగ రోజుల్లో వీధి సువార్త పెట్టాం. మైకు నా చేతిలో ఉంది. యెషయా 44వ అధ్యాయం తీసి, సగం కర్రతో వంట చేసుకుని మిగతా సగంతో దేవుణ్ని చెక్కుకునేవాడి గురించి చదివాను. చదివి ఊరుకోలేదు, పక్క గల్లీలో నిలబెట్టిన విగ్రహాన్ని చూపించి రెండు జోకులు వేశాను. దెబ్బలు పడ్డాయి. పెదవి చిట్లి నాలుగు కుట్లు పడ్డాయి. సంఘంలో నాకు దండలు ఒక్కటే తక్కువ. మూడో రోజు మా పెద్దయ్యగారు, నన్ను సేవలోకి తెచ్చినాయన, ఇంటికొచ్చారు. బత్తాయి ఒలిచి తొన తొన నా చేతిలో పెడుతూ మొదటి పేతురు 4:15 చదవమన్నారు. నరహంతకుడుగా గాని, దొంగగా గాని, దుర్మార్గుడుగా గాని, పరుల జోలికి పోవువాడుగా గాని బాధ అనుభవింప తగదని ఉంటుంది అక్కడ. ‘ఆ నాలుగో ముక్క నీ కోసం రాశాడురా’ అన్నారు. యెషయా మాట్లాడింది తన సొంత జనంతో, నువ్వు ఎవరి ఇంటి ముందు నిలబడి ఎవరి అమ్మను తిడుతున్నావని అడిగారు. నా దగ్గర జవాబు లేదు, పెదవి వాచి ఉంది కూడా.

తర్వాత చదువుకుంటే తెలిసింది, ఇది పాత జబ్బే. ఎఫెసులో అర్తెమిదేవి పేరు మీద అల్లరి లేచినప్పుడు పౌలు సహవాసుల తరఫున మాట్లాడింది విశ్వాసి కాదు, ఆ పట్టణపు కరణం. వీళ్లు గుడి దోచినవాళ్లు కారు, మన దేవతను దూషించనూ లేదన్నాడు (అపొస్తలుల కార్యములు 19:37). పౌలు ఆ ఊళ్లో రెండేళ్లకు పైగా ఉన్నాడు, వ్యాపారం పడిపోయిందని కంసాలులు ఏడ్చేంతగా బోధించాడు, అయినా ఆ మాట చెప్పడానికి ఒక పరాయివాడికి వీలు మిగిల్చాడు. నాలుగో శతాబ్దం మొదట్లో స్పెయిన్‌లోని ఎల్విరాలో కూడిన బిషప్పులు ఇంకో అడుగు వేశారు. విగ్రహాన్ని పగలగొట్టి ఆ గొడవలో చచ్చినవాణ్ని హతసాక్షుల పట్టీలో రాయొద్దని 60వ నియమంగా తీర్మానించారు, సువార్తల్లో అలా లేదు, అపొస్తలులు అలా చేయలేదు అని.

స్ముర్న బిషప్పు పొలికార్పు మరణం గురించి ఆ సంఘం రాసిన ఉత్తరంలో క్వింటస్ అని ఒకతను వస్తాడు. తనంతట తానే పోయి పట్టుబడ్డాడు, ఇంకొందరిని కూడా రెచ్చగొట్టాడు. క్రూరమృగాలను చూడగానే వణికిపోయి బలి అర్పించేశాడు. తమంతట తాము పోయి పట్టుబడేవాళ్లను మేము మెచ్చుకోం అని అక్కడే రాశారు. పొలికార్పు మాత్రం స్నేహితుల మాట విని ఊరవతల పొలానికి పోయి దాక్కున్నాడు. అక్కడికీ వచ్చి పట్టుకున్నారు. మేడ మీద నుంచి దిగొచ్చి, వచ్చినవాళ్లకు అన్నం పెట్టించి, ప్రార్థనకు ఒక గంట అడిగాడు. అప్పటికి ఎనభై దాటిన ముసలాయన. నాకు ఆ అన్నం పెట్టడం దగ్గర ఎప్పుడూ గొంతు పట్టుకుంటుంది.

సరే, ఈసారి వస్తే ఏం చేయాలి.

తలుపు దగ్గర మాట్లాడేది ఒక్కరే ఉండాలి. ఎవరో ముందే అనుకోండి, ఇంగ్లీషు ఎంత వచ్చినా ఉద్రేకపడేవాడు మాత్రం వద్దు. మిగతావాళ్లు లేవొద్దు, వాదించొద్దు. ‘ప్రార్థన చేసుకుంటున్నామన్నా’ అని చెప్పండి. ‘మతం మారుస్తున్నారా’ అంటే ఉన్నదున్నట్టు చెప్పు: మేము నమ్మింది చెప్పుకుంటాం, ఎవరినీ బలవంతం చేయం, డబ్బులివ్వం, నమ్మాలా వద్దా అన్నది వాళ్ల ఇష్టం. అంతే. పేర్లు, ఎవరెవరి కులమేంటి, ఎప్పుడు బాప్తిస్మం తీసుకున్నారు, ఇవి చెప్పాల్సిన పని లేదు. ‘అది మీకు చెప్పను’ అనడం అబద్ధం కాదు. యేసు కూడా హేరోదు ఎదుట ఒక్క మాటా పలకలేదు. ‘సాత్వికముతోను భయముతోను సమాధానము చెప్పుటకు’ సిద్ధంగా ఉండమన్నది అడిగిన ప్రతివాడి కోసమే గానీ, అడిగినదంతా చెప్పమని కాదు.

లోపలికి రానివ్వాల్సిన అవసరం లేదు. ఫోను ఎవరి చేతికీ ఇవ్వొద్దు. మీరూ ఒకరు మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి, ముక్కలు కాదు. గొడవ ముదిరేలా ఉంటే 112కు కాల్ చేయండి. వాళ్లు వెళ్లిపోయాక ఆ రాత్రే కూర్చుని తేదీ, టైము, ఎవరేమన్నారు అన్నీ రాసుకోండి. రెండు రోజులు ఆగితే మనసు కథలు అల్లుతుంది.

చట్టం సంగతి. ఇంట్లో నలుగురు కూర్చుని ప్రార్థన చేసుకోవడం నేరమని చెప్పే చట్టం తెలంగాణలో లేదు. రాజ్యాంగం 25వ అధికరణం మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కు ఇస్తుంది. అది ప్రజాశాంతికి, నైతికతకు, ఆరోగ్యానికి లోబడి. స్టానిస్లాస్ కేసులో 1977లో సుప్రీంకోర్టు గీత గీసింది, మన మతం గురించి చెప్పుకునే హక్కు ఉంది గానీ ఇంకొకరిని మార్చే హక్కంటూ లేదని. నాకు ఇందులో బాధేమీ లేదు. మార్చేది మనం కాదని బైబిలూ అదే చెప్తుంది కదా. ఆరాధన చేసుకుంటున్నవాళ్లను కావాలని భంగపరిస్తే భారతీయ న్యాయ సంహిత 300వ సెక్షన్ ఉంది. మత భావాలను కావాలని అవమానిస్తే 299 ఉంది. ఆ 299 నా పెదవి కథలో నా మీదే పెట్టొచ్చు, అది కూడా గుర్తుంచుకో.

స్టేషన్‌కు ఒక్కడివే పోకు, సంఘంలో పెద్ద ఒకరిని తీసుకుపో. పిటిషన్ చేత్తో రాసి ఇచ్చి, రెండో కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకో. కేసు తీసుకోకపోతే అదే పిటిషన్ రిజిస్టర్ పోస్టులో పై అధికారికి పంపొచ్చు, ఆ తర్వాత మేజిస్ట్రేట్ దగ్గరకు పోవచ్చు. లాయరుకు డబ్బుల్లేకపోతే న్యాయ సేవాధికార సంస్థ నంబరు 15100. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా ఉచిత సాయం దొరుకుతుంది. పోలీసు దగ్గరకు పోవడం విశ్వాసం తక్కువై అనుకునేవాళ్లు ఉన్నారు. ఫిలిప్పీలో పౌలును బెత్తాలతో కొట్టి, తెల్లారి చడీచప్పుడు లేకుండా పొమ్మంటే ఆయన పోలేదు. విచారణ లేకుండా రోమా పౌరుణ్ని కొట్టారు, కొట్టించినవాళ్లే వచ్చి తీసుకుపోవాలన్నాడు. వచ్చారు, బతిమాలుకున్నారు. తర్వాతి రోజుల్లో కైసరు దాకా అప్పీలు చేసుకున్నదీ ఆయనే.

కానీ స్టేషన్‌కు పోయే ముందు మన వైపు తప్పేమైనా ఉందా చూసుకోవాలి. మీరు శుక్రవారం ఎన్ని గంటల దాకా పాడుతున్నారు? బాక్సు పెడుతున్నారా? రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్ వాడొద్దని 2000లో వచ్చిన శబ్ద కాలుష్య నిబంధనలు చెప్తున్నాయి. అదే ఏడు సుప్రీంకోర్టు ఇదే విషయం మీద గట్టిగా మాట్లాడిన కేసులో ఉన్నది చెన్నైలోని ఒక చర్చి, దాని డ్రమ్ములు, మైకులు. ఇరుగుపొరుగు నిద్ర చెడగొట్టి ప్రార్థించమని ఏ మతమూ చెప్పదన్నారు. హింస అని మనం పేరు పెట్టుకునే వాటిలో కొన్ని వట్టి నిద్రలేని పొరుగువాళ్లు.

మా సంఘానికీ ఒకసారి గుంపు వచ్చింది. ఆదివారం ఉదయం, వానాకాలం. మా కింద వాటాలో ఉండే పెద్దావిడ, ఏటా ఆషాఢంలో బోనం ఎత్తే మనిషి, చేతిలో చీపురుతోనే మెట్ల మీదకు వచ్చి నిలబడింది. ‘వీళ్లు నాకు పదేళ్లుగా తెలుసు, నాకు ఆపరేషనైతే ఆ పాస్టరమ్మే గాంధీ ఆస్పత్రిలో నా దగ్గర పండుకున్నది, మీరెవరు, ఏ గల్లీ మీది’ అని నిలదీసింది. వాళ్లు కాసేపు గొణిగి పోయారు. మేమంతా ఆనందబాష్పాలతో ఆమెకు దండం పెట్టబోతుంటే ఇటు తిరిగి, ‘మీరు మాత్రం ఆ మైకు జర బంద్ చెయ్యున్రి, నా తల పోతున్నది’ అంది. ఆ రోజే తీసేశాం. మీ కింద వాటాలో ఎవరున్నారో, వాళ్ల పేరేంటో నీకు తెలుసా?

ప్రలోభం అనే మాట మన మీద ఎక్కువగా వస్తుంది కాబట్టి అది కూడా. 1876 నుంచి 78 దాకా కరువు వచ్చినప్పుడు ఒంగోలులో మిషనరీ జాన్ క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకుని వేల మందికి కూలి ఇప్పించాడు. ఆ రోజుల్లోనే బాప్తిస్మం అడిగేవాళ్లు గుంపులుగా వచ్చారు. కూలి కోసం వచ్చారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా ఒక్కరికీ ఇవ్వలేదు. కూలీ పనులు, సాయం అన్నీ ఆగిపోయాక, ఇవ్వడానికి ఇంకేమీ లేదని అందరికీ తెలిశాక, 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్తారు, ఆగిన ఏడాది సంగతి చెప్పరు. మీ గదికి వచ్చే కొత్తవాళ్లకు ఉద్యోగం చూపిస్తామనో, ప్రార్థన చేస్తే బీపీ మందులు మానేయొచ్చనో ఎవరైనా అంటున్నారా? అంటుంటే ముందు అది ఆపండి.

నువ్వు అడగలేదు గానీ, సర్టిఫికెట్ మాట ఎత్తాను కాబట్టి ఇది దాటేయలేను. మనలో చాలామందికి డెకియస్ కాగితం ఇంకో రూపంలో బీరువాలో ఉంది. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం ఎస్సీ హోదా హిందువులకే. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. మన దగ్గర క్రైస్తవం తీసుకున్న ఎస్సీలు బీసీ-సీ కిందకు వస్తారు, దానికి రిజర్వేషన్ ఒక్క శాతం. వాడలో ఎదుర్కొనే చిన్నచూపు ఆదివారం చర్చికి పోతే తగ్గదు, కాబట్టి ఇది అన్యాయమనే నా అభిప్రాయం, అది మారాలని అడిగే హక్కు మనకుంది. కానీ ఆదివారం బల్ల దగ్గర చేయి చాపి, సోమవారం కాగితం మీద ఇంకోటి రాసే పిల్లలు నా దగ్గరే ఉన్నారు. వాళ్లను నేను వెలివేయలేదు, తిట్టనూ లేదు. ఒక్కటే అడుగుతాను, ‘ఎవరైనా నిలదీసి అడిగిన రోజు ఏ మాట చెప్తావు?’ ఇద్దరు బీసీ-సీకి మార్చుకున్నారు, ఒకమ్మాయికి సీటు పోయింది. ఆ అమ్మాయి ముందు పరిశుద్ధత గురించి ప్రసంగించే ధైర్యం నాకు లేదు. ఒకతను సంఘానికి రావడం మానేశాడు, నన్ను తప్పించుకుని తిరుగుతాడు. దీనికి నా దగ్గర తేలిక జవాబు లేదు.

ఇంకో అబద్ధం ఉంది, దాన్ని మనం అబద్ధమే అనుకోం. మీ గుంపులో ఎవరో అప్పుడే వాట్సాప్‌లో ‘ఉప్పల్‌లో విశ్వాసుల మీద దాడి, రక్తం’ అని పెట్టారని రాశావు. రక్తం ఎక్కడిది? బెదిరించారు, తిట్టారు. అంతే రాయాలి. అఫ్ఘానిస్తాన్‌లో 22 మంది మిషనరీలకు రేపే మరణశిక్ష, అర్జెంటుగా ప్రార్థించండి అనే ఫార్వర్డ్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంది, మా సంఘం గ్రూపులోకే నాలుగుసార్లు వచ్చింది. నిజంగా చెరలో ఉన్నవాళ్లను జ్ఞాపకం చేసుకోమని హెబ్రీ పత్రిక చెప్తుంటే, మనం లేని 22 మంది కోసం మోకాళ్లూనుతున్నాం. ఆ పోస్టు దిద్దించు.

ఇంట్లోవాళ్ల గురించి ఒక్క ముక్క. మీ అమ్మకు ఇంకా తెలియదన్నావు. బయటివాళ్ల వీడియోలో చూసి తెలుసుకునే ముందు నీ నోటితో చెప్పు, బస్సెక్కి ఊరికి పోయి ఎదురుగా కూర్చుని. మన హైదరాబాద్‌లో హెబ్రోను ప్రార్థన మందిరం కట్టిన భక్త్ సింగ్ గారు 1933లో కెనడా నుంచి బొంబాయిలో దిగినప్పుడు తల్లిదండ్రులు కలిసి, నువ్వేం నమ్మినా సరే, పరువు కోసం బయటికి చెప్పకు అని బతిమాలారు. ఆయన ఒప్పుకోలేదు, వాళ్లు అక్కడే వదిలేసి వెళ్లిపోయారు. కష్టమే. మీ అమ్మ ఏడుస్తుంది. ఏడవనీ, వాదించకు. ఆమె ప్రసాదం చేతిలో పెడితే ఏం చేయాలన్నది పెద్ద చర్చ, మొదటి కొరింథీ 8, 10 అధ్యాయాలు చదువు, ఇంకోసారి మాట్లాడుకుందాం. ఆమె వండిన అన్నం మాత్రం తినకుండా లేవకు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. ఆ పదిమందిని వెతుక్కుంటూ పోయి నిజం చెప్పక్కర్లేదు, అది క్వింటస్ పని. ముందు ఆ రాత్రి గదిలో ఉన్నవాళ్ల ఎదుట చెప్పు, ‘నేను అబద్ధమాడాను’ అని. వాళ్లలో కొత్తగా వచ్చిన పిల్లవాడు ఒకడున్నాడన్నావు, వాడు నీ ‘బర్త్‌డే’ మాట విని, మనవాళ్లు ఇలాగే చెప్పాలి కాబోలు అనుకుని ఉంటాడు. తర్వాత ఓనర్ దగ్గరకు పో. ఆయనకూ అదే మాట చెప్పి ఉంటావు కదా? శుక్రవారం ఏం చేస్తారో, ఎంతమంది వస్తారో, ఎన్ని గంటలకు ముగుస్తుందో చెప్పి, ఆయనకు వచ్చిన ఇబ్బందికి సారీ చెప్పు. ఆయన భయం కూడా నిజమైనదే, ఇల్లు ఆయనది. ఒప్పుకుంటే మంచిది. ఒప్పుకోకపోతే అగ్రిమెంట్‌లో నోటీసు ఎన్నాళ్లని ఉందో చూసుకో, అడ్వాన్సు వెనక్కి తీసుకో, గొడవ పడకుండా ఖాళీ చెయ్యి. ఈ నెల మీటింగులు రెండిళ్లలో సగం సగం పెట్టుకోండి.

ఇల్లు దొరక్కపోతే నాకు రాయి. మా సందు చివర రెండు గదుల పోర్షన్‌కు టు-లెట్ బోర్డు వేలాడుతోంది. ఓనర్ ప్రార్థనలకు ఏమీ అనడు, నాకు తెలుసు. మైకు మాత్రం వద్దంటాడు.